‘గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు’: ఈ సామెత ఎవరికి చెబుతున్నారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకు అర్థమయ్యేలా ముందు సంగతి చెబుతాను. మీ అమ్మగారి నాన్నగారు 2019లో వీలునామా రాయకుండా పోయారు. అమ్మమ్మగారు అంతకుముందే పోయారు. ఆంధ్రలో నాలుగున్నర ఎకరాల మాగాణి ఉంది. వారసులు మీ అమ్మగారు, ఇద్దరు మేనమామలు. పొలం మొత్తం మేనమామల పేర్ల మీద ఎక్కిపోయింది. ఈమధ్య అమ్మగారు వాటా అడిగితే ఊళ్ళో పెద్దమనుషులు కూర్చోబెట్టి మూడు సామెతలు చెప్పి పంపించారు. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు’ అన్నది ఒకటి. ‘పోరు నష్టం, పొందు లాభం’ రెండోది. రెవెన్యూ ఆఫీసు సంగతి ఎత్తితే ‘దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు’ అన్నారు. ఈ మాటల్లో నిజమెంత, బెదిరింపు ఎంత అని మీరు అడుగుతున్నారు.

నేను జిల్లా కోర్టులో సివిల్ కేసులు చేసే వకీలుని. ఆస్తి పంపకాల తగాదాలతోనే నా ప్రాక్టీసు ఎక్కువ గడిచింది. ఆ మూడు సామెతలూ నిజమే. దెబ్బతిన్నవాళ్ళు అనుభవంతో చెప్పిన మాటలవి. అయితే ఆ పెద్దమనుషులు వాటిని మీ అమ్మగారికి చెప్పారు గానీ, పొలం చేతిలో పెట్టుకున్న మీ మేనమామలకు చెప్పలేదు. ‘పోరు నష్టం, తోబుట్టువు వాటా ఇచ్చెయ్యండి’ అని వాళ్ళతో అన్నవాళ్ళు ఆ పంచాయతీలో ఒక్కరైనా ఉన్నారా? తగాదాలో ఇద్దరుంటే ఒక్కరికే చెప్పే నీతి తీర్పు కిందికే వస్తుంది, దాన్ని సలహా అనుకోకండి. కాబట్టి ఆ సామెతలను పక్కన పెట్టొద్దు. వాటిలో ఉన్న హెచ్చరికను మీరు తీసుకోండి. వాటితో మీ అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ముందు అమ్మగారి వాటా ఎంతో తేలుద్దాం. అది తాతల నాటి ఆస్తా, తాతగారి స్వార్జితమా అని మీరు మథనపడుతున్నారు. మీ విషయంలో ఎటు తిప్పినా లెక్క ఒకటే. స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకూ కూతురికీ సమానంగా, అంటే మూడో వంతు. తాతల నాటిదైతే తాతగారికి, ముగ్గురు పిల్లలకు తలా నాలుగో వంతు. తాతగారి నాలుగో వంతు మళ్ళీ ముగ్గురికీ సమానంగా పంచితే అప్పుడూ మూడో వంతే. నాలుగున్నర ఎకరాల్లో ఎకరంన్నర. కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమలు ఇచ్చాం, పెళ్ళి ఘనంగా చేశాం అంటారు. కట్నం పుచ్చుకున్న కూతురికి వాటా పోతుందని చట్టంలో ఎక్కడా లేదు.

ఇక కోర్టు సామెత. 1872లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, దర్భంగా సంస్థానానికి చెందిన ఒక కేసులో, ఈ దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ, అంటే గెలిచినట్టు కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చాకే మొదలవుతాయని రాసింది. మన ఊళ్ళలో చదువురాని రైతు చెప్పిన మాటా, లండన్‌లో కూర్చున్న జడ్జీలు చెప్పిన మాటా ఒకటే. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ వాక్యాన్ని మన సుప్రీంకోర్టు తన తీర్పుల్లో ఇప్పటికీ ఎత్తి రాస్తోంది. 2021లో సుప్రీంకోర్టు, డిక్రీని అమలు చేయించమని గెలిచినవాళ్ళు వేసే పిటిషన్లను, అంటే మనం ఈపీ అనేవాటిని, వేసిన ఆరు నెలల్లోపు తేల్చాలని ఆదేశించింది. 2025లో హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించుకుంటే దేశం మొత్తం మీద 8.8 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నట్టు తేలింది. అవి వేసినవాళ్ళలో ప్రతి ఒక్కరి చేతిలోనూ తాము గెలిచినట్టు జడ్జి సంతకం పెట్టిన కాగితం ఉంది. ఇంటికొచ్చి ఏడ్చినవాడంటే వీళ్ళే.

పంపకం దావాలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఇందులో డిక్రీ రెండుసార్లు వస్తుంది. మొదటిది ప్రిలిమినరీ డిక్రీ. అది ‘ఈమెకు మూడో వంతు హక్కు ఉంది’ అని మాత్రమే చెబుతుంది. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అన్నది అందులో ఉండదు. దానికోసం కోర్టు నియమించిన వకీలు, అడ్వకేట్ కమిషనర్ అంటాం, సర్వేయర్‌ని వెంటబెట్టుకుని పొలానికి వెళ్ళాలి. కొలిపించి, నీటి వసతి, దారి, నేల రకం చూసి ముక్కలు గీసి రిపోర్టు ఇవ్వాలి. దానిమీద అవతలివాళ్ళ అభ్యంతరాలు విన్నాక ఫైనల్ డిక్రీ వస్తుంది. ఆ తర్వాత కూడా వాళ్ళు పొలం వదలకపోతే ఈపీ వెయ్యాలి. ప్రిలిమినరీ డిక్రీ రాగానే గెలిచామని ఊళ్ళో మిఠాయిలు పంచి, ఫైనల్ డిక్రీ సంగతి మర్చిపోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఇది చూసే సుప్రీంకోర్టు 2022 జూన్‌లో, ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చాక కక్షిదారు మళ్ళీ పిటిషన్ వేసేదాకా ఆగకుండా కోర్టే తనంతట తాను ఫైనల్ డిక్రీ దాకా కేసు నడపాలని చెప్పింది. మీ వకీలుకి ఆ తీర్పు గుర్తుచేయండి. అడగడానికి మొహమాటపడకండి.

ఏడుపు ఎక్కడ మొదలవుతుందో నేను దగ్గర్నుంచి చూసిన ఒక సంగతి చెబుతాను. అమలు దశలో నా దగ్గరికి వచ్చిన కేసది. దావా వేసింది వేరే వకీలు. స్వాధీనం ఇప్పించే రోజు అమీను, అంటే డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి, వారెంటు పట్టుకుని పొలానికి వచ్చాడు. సర్వేయరు వచ్చాడు, దండోరా వెయ్యడానికి డప్పు మనిషి వచ్చాడు. డిక్రీ గెలిచిన పెద్దావిడ గట్టు మీద నిలబడి ఉంది. డిక్రీ నకలు తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టి చేత్తో గట్టిగా పట్టుకుంది. పొలంలో వరి నడుము దాకా ఉంది. అప్పుడు ఆమె అన్నలు ఒక్క మాటా అనలేదు. వాళ్ళ పక్క నుంచి ఒక కౌలుదారు ముందుకొచ్చి, ‘దావా వెయ్యకముందు నుంచే నేను సాగు చేస్తున్నాను, ఈ పంట నాది, నన్ను ఏ కోర్టూ పిలవలేదు’ అన్నాడు. అమీను అక్కడే గట్టు మీద కూర్చుని, అడ్డగించారని రిపోర్టు రాసుకుని వెళ్ళిపోయాడు. అతని అధికారం అంతవరకే. ఆ అడ్డు తొలగించడానికి మళ్ళీ ఇంకో పిటిషన్, మళ్ళీ విచారణ, మళ్ళీ వాయిదాలు.

తర్వాత నేను పాత అడంగల్ నకళ్ళు, అంటే ఏ పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసే రెవెన్యూ రికార్డు నకళ్ళు, తీయించి చూశాను. పట్టాదారు గడిలో అన్నల పేర్లున్నాయి. పక్కనే అనుభవదారు, అంటే సాగులో ఉన్నవాడి, గడిలో ఆ కౌలుదారు పేరు దావాకు ముందు నుంచీ రాసి ఉంది. దావా వేసేటప్పుడు ఆ ఒక్క గడి చూసి అతన్నీ పార్టీగా చేర్చి ఉంటే, ఆ పెద్దావిడ ఆ రోజే పొలంలో అడుగుపెట్టేది. ఆమెకు చట్టం అన్యాయం చేయలేదు. జడ్జి కూడా చేయలేదు. కేసు మొదటి రోజున ఎవరూ చివరి రోజు గురించి ఆలోచించకపోవడం వల్ల ఆమె ఇంటికెళ్ళి ఏడ్చింది.

అందుకే ఆ సామెతను ‘కోర్టుకి వెళ్ళకు’ అన్నట్టు వినొద్దంటాను. కేసు ఎక్కడ చేజారుతుందో అది చెబుతోంది. అమీను పొలంలోకి వచ్చే రోజు ఎలా ఉంటుందో ఊహించుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ దావా రాయించండి. గత కొన్నేళ్ళ అడంగల్, 1బీ (ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), సర్వే నంబరు పటం, రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ముందే తీసుకోండి. సాగులో ఎవరున్నారు, ఎవరికైనా తాకట్టు పెట్టారా, కొంత అమ్మేశారా అన్నది అందులో బయటపడుతుంది. వాళ్ళందరినీ దావాలో చేర్చండి. షెడ్యూలులో సర్వే నంబరు, సబ్‌డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పు లేకుండా ఉండాలి. దావాతోపాటే పొలం అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఇంజంక్షన్ పిటిషన్ వేయించండి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా వాళ్ళు తీర్పుకు కట్టుబడాల్సిందే అని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెబుతుంది, నిజమే. అయినా కొత్త మనిషి పొలంలోకి దిగాక అతన్ని కదిలించడం ఎంత తలనొప్పో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అసలు దిగకుండా చూసుకోవడమే మేలు.

వాయిదాల సంగతి కూడా దాచను. ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసి ఉంది. జవాబు దావా 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లో వేయాలనీ ఉంది. కోర్టు హాల్లో పొద్దున పదిన్నరకు బెంచి క్లర్కు కేసులు పిలవడం మొదలుపెట్టాక ఒక గంట కూర్చుని వినండి. ఆ నియమాలు ఎంతవరకు నడుస్తున్నాయో మీకే అర్థమవుతుంది. జడ్జీలు తక్కువ, ఫైళ్ళు ఎక్కువ. ఇది మారాలి. మార్చాల్సినవాళ్ళు ప్రభుత్వంలోనూ న్యాయవ్యవస్థలోనూ ఉన్నారు. న్యాయం ఆలస్యమవుతుందని తెలిసినవాడే ధైర్యంగా ఎదుటివాడి భూమి దున్నుకుంటున్నాడు. ఇది నాకు ప్రతి వారం కనిపించే నిజం, చూసిన ప్రతిసారీ కోపం తెప్పించే నిజం. మీ అమ్మగారు మాత్రం ఆ మార్పు వచ్చేదాకా ఆగలేరు. ఉమ్మడి ఆస్తి నుంచి నన్ను బయటపెట్టారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళలోపు దావా వెయ్యాలన్నది లిమిటేషన్ చట్టంలో మాట. ‘చూద్దాంలే, పెళ్ళిళ్ళు అయిపోనీ’ అనుకుంటూ ఆ గడువు దాటించుకున్న ఆడవాళ్ళను చూశాను. ఆలస్యం అమృతం విషం అన్న సామెతను ఆ పెద్దమనుషులు ఎందుకు ఎత్తలేదో ఆలోచించండి.

రెండో సామెత దగ్గరికి వస్తే నాకు కొంచెం ఉద్వేగం ఎక్కువ. పోరు నష్టం, పొందు లాభం. ఇది బంగారంలాంటి మాట. ఇద్దరి చేతిలోనూ చెరి సగం ఉన్నప్పుడు. ఒకరి చేతిలో పొలమంతా ఉండి, రెండోవాళ్ళ చేతిలో ఏమీ లేనప్పుడు, పోరు ఆపమంటే ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యమని అర్థం. అప్పుడు పొందు వల్ల లాభం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిలో నడిచాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టమే మారి, పెళ్ళి అయినా కాకపోయినా దేశమంతటా కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న గొడవను 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదని. అంటే నాలుగు దశాబ్దాలుగా అసెంబ్లీ, పార్లమెంటు, సుప్రీంకోర్టు ఒకే మాట చెబుతున్నాయి. ఆ మాట మీ ఊరి రచ్చబండ దాకా ఇంకా రాలేదు. అక్కడ ఇప్పటికీ ‘ఆడపిల్లకు పుట్టిల్లు కావాలా, పొలం కావాలా’ అనే అడుగుతున్నారు. ఈ ప్రశ్న మగపిల్లలను ఎవరూ అడగరు.

మీ అమ్మగారి భయం నాకు తెలుసు. మీరు రాయకపోయినా తెలుసు. పండక్కి పిలవరేమో, మీ పెళ్ళికి మేనమామలు బట్టలు పెట్టరేమో, తాను పోతే పుట్టింటి నుంచి ఎవరూ రారేమో. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది కోర్టు ఖర్చు గురించి అడిగేముందు ఇదే అడుగుతారు. ఇది చిన్న భయం కాదు, దీన్ని తేలిగ్గా తీసిపారేసే వకీలు దగ్గరికి వెళ్ళకండి. అందుకే రాజీ కుదిరితే మంచిదని నేనూ అంటాను. ఆ రాజీ కాగితం మీద ఉండాలి, ఆ కాగితానికి కోర్టు ముద్ర ఉండాలి.

దానికి దారి ఉంది. దావా వెయ్యకముందే మండల న్యాయ సేవా కమిటీకో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో అర్జీ పెట్టుకుంటే రెండు పక్షాలకూ నోటీసు పంపి, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది. దానిమీద అప్పీలు లేదు. దావా వేశాక మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ అయినా సరే, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని పెట్టే హక్కు 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షనులో ఉంది. పేదరాలినని ఎక్కడా రుజువు చూపించక్కర్లేదు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇక రాజీలో ఏం రాయాలన్నది జాగ్రత్తగా వినండి. మంచి మనసుతో చేసుకున్న రాజీలు ఇక్కడే చెడిపోతాయి. పొలం ఇస్తామంటే ఏ సర్వే నంబరులో ఏ వైపు, హద్దులేంటి, బోదె నుంచి నీళ్ళు ఎలా వస్తాయి, బండి దారి ఎటు, ఇవన్నీ రాయించండి. ‘తూర్పు వైపు ఎకరంన్నర’ అని వదిలేస్తే నీళ్ళు అందని మెరక ముక్క మీ వాటాకు వస్తుంది. పొలం బదులు డబ్బు ఇస్తామంటే ఏ ధర లెక్కన అని అడగండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు మార్కెట్ విలువ ఒకటి ఉంటుంది, ఊళ్ళో నిజంగా అమ్ముడవుతున్న ధర ఒకటి ఉంటుంది. కొన్ని చోట్ల రెండింటికీ ఎక్కడా పొంతన ఉండదు. వాళ్ళు మొదటిది చెబుతారు, మీరు రెండోది తెలుసుకుని వెళ్ళండి. ‘పంట వచ్చాక ఇస్తాం’ అన్న మాట ఒప్పుకోకండి, తేదీ రాయించండి. ఆ తేదీ దాటితే వడ్డీ ఎంత, పొలం ఎలా స్వాధీనం చెయ్యాలి అన్నదీ రాయించండి. డీడీ అయితే దాని నంబరుతో సహా రాయించండి.

రచ్చబండ దగ్గర తెల్లకాగితం మీద రాసే ఒప్పందాల సంగతి. స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితమైనా, అప్పటికప్పుడు పంచుకునే కాగితమైనా రిజిస్టరు కాకపోతే కోర్టులో నిలవడం కష్టం. ఇక విడుదల దస్తావేజు అని ఒకటి రాసి, ‘ఏంలేదమ్మా, పాసుపుస్తకం కోసం చిన్న సంతకం’ అని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళతారు. అది రిజిస్టరైతే మూడో వంతు హక్కు ఆ సంతకంతోనే పోతుంది. అమ్మగారు చదవకుండా, మీ వకీలుకి చూపించకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దు. వేలిముద్ర కూడా వెయ్యొద్దు.

ఇంకొక మనిషి కూడా వస్తాడు. ‘మీ అన్నదమ్ముల గొడవ మీకెందుకమ్మా, మీ మూడో వంతు నాకు ఇంతకు అమ్మెయ్యండి, నేను చూసుకుంటాను’ అంటాడు. పంపకం కాని వాటాకు సగం ధర కూడా ఇవ్వడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నది ఇలాంటివాళ్ళ గురించే.

ఇక పూజారి సామెత. ప్రభుత్వం గురించి మనవాళ్ళు చెప్పిన మాటల్లో ఇంత సూటిగా ఉన్నది తక్కువ. హక్కు రాజధానిలోనో ఢిల్లీలోనో పుడుతుంది. అది చేతికి రావడం మాత్రం ఊళ్ళో కలం పట్టుకున్నవాడి దయ. ఒకప్పుడు ఆ కలం కరణంగారిది. ఊళ్ళో ఎవరి పొలం ఎవరి పేర ఉందో ఆయన దఫ్తరంలో ఉండేది, ఆ దఫ్తరం ఆయన ఇంట్లో ఉండేది. కరణీకం, మునసబుగిరీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఉద్యోగాలు. ఈ సామెత ఆ కాలానికి అచ్చంగా సరిపోయింది.

ఆ కాలం దానంతట అది పోలేదని గుర్తుపెట్టుకోండి. గుంటూరు ప్రాంతంలో ఒక ఊరి మునసబు పదవి తనకు రాకుండా, వారసత్వం కారణంగా వేరొకరికి ఇచ్చారని గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1960లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగం ఫలానా ఇంట్లో పుట్టినవాడికే అనడం రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పుడు కూడా ఆయనకు ఎవరో ఒకరు కోర్టు సామెత చెప్పే ఉంటారని నా నమ్మకం. ఆయన విని ఊరుకుని ఉంటే ఆ తీర్పు అప్పుడు వచ్చేది కాదు. ఆ తర్వాత 1984 జనవరిలో కరణం, మునసబు పదవులనే ప్రభుత్వం రద్దు చేసింది. దానిమీదా సుప్రీంకోర్టు దాకా పోరాటం జరిగింది, రద్దు నిలబడింది. తెలంగాణలో 2020లో వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, పదవులూ పోయాయి.

పదవులు మారినంత తేలిగ్గా అలవాట్లు మారవు. మీ మేనమామల పేర్ల మీదే పొలం ఎక్కిందంటే, వారసుల జాబితాలో మీ అమ్మగారి పేరు రాయకుండా ఎవరో అర్జీ పెట్టారు, ఎవరో విచారణ అయిందని రాశారు. అది చూసి మీరు అధైర్యపడ్డారు. అక్కర్లేదు. అడంగల్‌లో, 1బీలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, ఎక్కకపోతే హక్కు చావదు. అది శిస్తు కోసం రాసుకునే లెక్క అని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయితే దాన్ని అలాగే వదిలేస్తే బ్యాంకు అప్పులకూ అమ్మకాలకూ అదే ఆధారమవుతుంది. కాబట్టి తహసీల్దారు ఆఫీసులో ఆ మ్యుటేషన్ (పేరు మార్పిడి) ఫైలు మొత్తం సమాచార హక్కు చట్టం కింద అడగండి. అర్జీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వాంగ్మూలాలు, ఉత్తర్వు, అన్నీ. 30 రోజుల్లో ఇవ్వాలి. కుటుంబ సభ్యుల పత్రంలో అమ్మగారి పేరు దాచి ఉంటే కేసులో మీకు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఆ ఉత్తర్వు మీద 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద ఆర్డీవోకు అప్పీలు ఉంది. గడువు దాటి ఉంటే ఆలస్యానికి కారణం చెబుతూ వెయ్యాలి, అది మీ వకీలు చూస్తారు. దీన్ని చదివే తెలంగాణవాళ్ళకు ఒక మాట. ధరణి అనే భూరికార్డుల పోర్టల్ రోజుల్లో ఇలాంటి అప్పీళ్ళకు దారి మూసుకుపోయి అందరూ సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో మొదలైన భూభారతి చట్టంలో ఆర్డీవో, కలెక్టరు దగ్గర అప్పీళ్ళు మళ్ళీ వచ్చాయి.

మీ మేనమామలు కోర్టుకి వచ్చాక ఏమంటారో కూడా చెబుతాను, ముందే సిద్ధంగా ఉండండి. ‘మేం ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం, అప్పటికి ఈ చట్టం లేదు’ అంటారు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలకు రక్షణ ఉంది, నిజం. కానీ అది రిజిస్టరైన దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగి ఉండాలి. నోటిమాట పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉంటేనే అరుదుగా ఒప్పుకుంటారు. 2019 దాకా శిస్తు, పాసుపుస్తకం తాతగారి పేరునే ఉంటే ఆ వాదన నిలవడం చాలా కష్టం. అందుకే 2019కి ముందు రికార్డులు కూడా తీయమంటున్నాను. ఇంకో మాట వీలునామా. ఇప్పటిదాకా లేని వీలునామా దావా వేశాక బయటికి రావడం నాకు కొత్త కాదు. వస్తే కంగారుపడొద్దు. సాక్షి సంతకం చేసినవాళ్ళలో కనీసం ఒకరు, బతికి ఉంటే, కోర్టుకొచ్చి చెప్పాలి. రుజువు చేసే భారం కూడా దాన్ని తెచ్చినవాళ్ళదే.

వచ్చే ఆదివారం మళ్ళీ పంచాయతీ పెట్టారని రాశారు. వెళ్ళండి, అమ్మగారిని ఒంటరిగా పంపకుండా మీరూ పక్కన కూర్చోండి. గొంతు పెంచొద్దు. మేనమామలతో మీరు ఎప్పుడూ ఎలా మాట్లాడతారో అలాగే, ‘మామయ్యా’ అనే పిలవండి. వాటా మూడో వంతు అని ఒక్కసారి చెప్పండి. లోక్ అదాలత్‌లో కూర్చుని రాసుకుందామా అని అడగండి. వాళ్ళు సరేనంటే ఆ వారమే అర్జీ పెట్టండి. కాదంటే, ఆలోచిస్తామంటే, అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా వచ్చెయ్యండి. ఈలోగా ఈసీ, అడంగల్, 1బీ, తాతగారి మరణ ధ్రువపత్రం, అమ్మగారి పుట్టింటి పేరు తెలిపే స్కూలు సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టండి. సోమవారం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు అమ్మగారిని మీరే తీసుకెళ్ళండి. మొదట లీగల్ నోటీసు వాళ్ళు పెట్టిన వకీలు చేతే పంపించండి. మ్యుటేషన్ ఫైలు వచ్చాక అందులో ఏముందో ఇక్కడ రాస్తే, దావాలో ఎవరెవరిని చేర్చాలో అప్పుడు చెబుతాను.